నవలలో వానెప్పుడు పడింది?

హీరో ఎవరని అడగరు. కథ సుఖాంతమా, దుఃఖాంతమా అనీ అడగరు. ముదిగుబ్బలో కొత్త నవల చేతికొస్తే ముందుగా వచ్చే ప్రశ్న ఒక్కటే... ‘ఇందులో వానెప్పుడు పడింది?’ అప్పుడే తెలుస్తుంది, రాసినవాళ్లకు ఈ నేల తెలుసో లేదో!

అనంతపురంలో కదిరి బస్సెక్కి, బత్తలపల్లి దాటాక కిటికీలోంచి చూడండి. ఎర్రమట్టి చేలు, మధ్యమధ్య నల్లటి రాళ్ల గుట్టలు, గట్ల మీద ఒంటరి వేపచెట్లు. జూన్ నెలైతే ఆ చేలన్నీ దుక్కి దున్ని సిద్ధంగా ఉంటాయి. విత్తనం కూడా ఇంట్లో సిద్ధంగానే ఉంటుంది. రావాల్సిందల్లా ఒక్క పదును వాన. బస్సులో కూర్చున్న పెద్దాయన ఎవరితో మాట్లాడినా మధ్యలో ఓసారి తల వంచి, కిటికీలోంచి పైకి చూస్తాడు. మబ్బు ఉందా, లేదా? అంతే. మళ్లీ మాటల్లో పడతాడు.

అలా ఆకాశం చూసుకుంటూ వెళ్తుంటే వచ్చే మండల కేంద్రం ముదిగుబ్బ. ఒకప్పుడు అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లా. ఓ పక్క ధర్మవరం, ఇంకో పక్క కదిరి. రోడ్డు వారగా ఎరువుల కొట్లు, టీ బంకులు, సెల్‌ఫోన్ రీచార్జి దుకాణాలు. పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీల వాసన. ఇలాంటి ఊళ్లో నవలల సంగతి ఎవరికి పడుతుందీ అనుకుంటాం.

కానీ పడుతుంది. ధర్మవరం నుంచి కదిరి దాకా ఈ దారి పొడుగునా నవలలు చదివేవాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో తగులుతూనే ఉంటారు. బస్సు డ్యూటీ దిగి పుస్తకం పట్టే కండక్టరు, మగ్గం ఆపినప్పుడల్లా నాలుగు పేజీలు తిప్పే నేత కార్మికుడు, అంగన్‌వాడీ టీచరు, పెన్షన్ తీసుకుంటున్న తెలుగు మాస్టారు... వీళ్లందరి ముఖాలూ కలిపి ఒక్క మనిషిని చేసి, ముదిగుబ్బలో ఓ సందులో కుట్టుమిషన్ ముందు కూర్చోబెడదాం. పేరెందుకు? ‘కుట్టుమిషన్ అక్క’ అందాం. ఈ దారిలో అలాంటి అక్కను పోల్చుకోలేనివాళ్లు ఉండరు.

సుద్దముక్క పెట్టిన పేజీ

అక్క మిషన్ పక్కన ఎప్పుడూ రెండు కట్టలు ఉంటాయి. ఒకటి కుట్టాల్సిన రవికల గుడ్డలు. రెండోది చదవాల్సిన పుస్తకాలు. పేజీ గుర్తుకు ఆమె వాడేది గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క. అందుకే ఆమె దగ్గర్నుంచి తిరిగొచ్చిన ఏ పుస్తకానికైనా మధ్యలో తెల్లటి పొడి అంటుకుని ఉంటుంది. ‘‘ఈ పుస్తకం అక్క సదివింది’’ అనడానికి అదే ముద్ర.

శ్రావణమాసం దగ్గరపడుతుంటే చదువు తగ్గుతుంది. పెళ్లిళ్లు, ధర్మవరం పట్టుచీరలు, వాటికి కుచ్చులు, ఫాల్స్, రవికలు. ఆషాఢంలో మళ్లీ తీరిక. పెళ్లిళ్లు లేని నెల నవలలకు మంచి నెల! రోజులో చూస్తే మధ్యాహ్నం సంగటి తిన్నాక గంట, రాత్రి కరెంటు ఉంటే గంట. అంతకుమించి కుదరదు. ‘‘నవలను నేను ముద్దలు ముద్దలుగా తింటాను. గబగబా మింగితే రుచి తెలీదు’’ అంటుంది.

ఆమె చదువు వారపత్రికలతో మొదలైంది. అప్పట్లో ఈ ఊరి మీదుగా వెళ్లే ధర్మవరం-పాకాల లైను మీటరుగేజి. చిన్న రైలు, నింపాది ప్రయాణం. ఆ రైల్లో ఎవరో చదివి వదిలేసిన వారపత్రిక ఇంటికి చేరేది. అందులో సీరియల్ పేజీలు మాత్రం జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి దాచుకోవడం ఆ రోజుల్లో తెలుగింట ఆడపిల్లలందరూ చేసిన పనే. మిగతావాళ్లు దబ్బనంతో కుట్టేవాళ్లు. ఈమె ఏకంగా మిషన్ మీదే కుట్టేసింది. రవిక అంచుకు వేసే కుట్టే నవలకూ పడింది!

అలా కుట్టుకున్నవే యద్దనపూడి సులోచనారాణి నవలలు. తర్వాత అద్దె పుస్తకాల కొట్టు నుంచి యండమూరి వీరేంద్రనాథ్, మల్లాది వెంకటకృష్ణమూర్తి. రోజుకింత అని అద్దె. ఆలస్యమైతే అద్దె పెరిగిపోతుందని ఒక్క రాత్రిలో పూర్తిచేసిన పుస్తకాలూ ఉన్నాయి. ‘సెక్రటరీ’లో రాజశేఖరాన్ని ఆమె ఇప్పటికీ మర్చిపోలేదు. ‘‘ఆ కారు, ఆ బంగళా, ఆ మాటతీరు... అబ్బ! కానీ ఒగటి గమనించినారా? ఆ నవలల్లో ఎవురూ మోరెత్తి మబ్బు దిక్కు సూసేవాళ్లు కాదు. వాన పడితే ప్రేమ, లేకపోతే లేదు. అంతే!’’

అది ఎగతాళి కాదు. ఆ నవలలే తనకు చదవడం అలవాటు చేశాయని ఆమె చెబుతుంది. వాళ్ల రుణం తీరనిది అంటుంది. కాకపోతే వయసు పెరిగేకొద్దీ, ఊళ్లో ఒక్కో బావీ ఎండేకొద్దీ, చదివే కథలోకి తన ఊరు ఎందుకు రాదన్న ప్రశ్న మొదలైంది. నవలల్లో గోదారి గట్టుంది. కృష్ణ ఒడ్డుంది. హైదరాబాదు మేడలున్నాయి. మద్దిలేరు ఎక్కడ?

టేపు పట్టి కొలిస్తే...

సీమలో కథకులకు కొదవ లేదు. సింగమనేని నారాయణ శెనక్కాయ సేద్యాన్ని జూదంగా చూపించి, ఆ కథకు ‘జూదం’ అనే పేరు పెట్టారు. 2021లో ఆయన కన్నుమూశాక కూడా ఆ మాట ఇక్కడ రైతుల నోట నలుగుతూనే ఉంది. చిలుకూరి దేవపుత్ర కథలు రాశారు, దళిత జీవితాన్ని ‘పంచమం’ నవలగా మలిచారు. అంతకుముందే విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో ఎండిన పెన్నానదిని కావ్యం చేశారు. అయినా కథలు వచ్చినంత జోరుగా నవలలు రాలేదు. వచ్చినవి ఈ సందుదాకా చేరలేదు.

ఈ మధ్య కాలంలో ఆ లోటు కాస్త తీరింది. అక్క మాత్రం పుస్తకం మీద వేసిన అవార్డు ముద్ర చూసి మురిసిపోయే రకం కాదు. మిషన్ మీద వేలాడే టేపు తీసినట్టు, ప్రతి నవలకూ మూడు కొలతలు వేస్తుంది. ఒకటి నీళ్లు. రెండు మాట. మూడు ఆడమనిషి. ఈ మూడూ సరిపోతే ఆ నవల ఒంటికి పట్టినట్టు. ఏది తగ్గినా ఎక్కడో పిగిలినట్టే!

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అదీ పడాల్సిన రోజున పడదు. ఇలాంటి చోట వాన అనేది వర్ణన కాదు, ఇంటి బడ్జెట్. అప్పు తీరడం, పిల్ల పెళ్లి, పిల్లాడి ఫీజు అన్నీ దానిమీదే. అందుకే నవలలో వాన ఎప్పుడు పడిందో, ఎంత పడిందో, పడ్డాక ఎవరు ఏం చేశారో చూస్తే రాసినవాళ్ల లోతు తెలిసిపోతుందన్నది ఆమె లెక్క.

శాపం నేలకా, దారికా?

ఆ లెక్కలో నెగ్గిన పుస్తకం ‘శప్తభూమి’. రాసింది అనంతపురానికి చెందిన బండి నారాయణస్వామి. టీచరుగా పనిచేసినాయన. ‘తానా’ నవలల పోటీలో బహుమతి పొంది 2017లో పుస్తకంగా వచ్చింది. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకుంది. పద్దెనిమిదో శతాబ్దంలో, అనంతపురాన్ని హండే పాలెగాళ్లు ఏలిన కాలంలో నడిచే కథ. గొర్రెలు కాసుకునే మనిషి కొలువులోకి వెళ్లడం, పాలెగాళ్ల పట్టింపులు, కులాల మెట్లు, దేవుడి పేరు చెప్పి ఆడపిల్లను ‘బసివి’ని చేసే ఆచారం... రాజుల చరిత్రలో కనిపించని మనుషులంతా ఇందులో నడుస్తారు.

అక్క ఈ నవలను మూడుసార్లు చదివింది. మొదటిసారి కథ కోసం. రెండోసారి మాటల కోసం. మూడోసారి తన దగ్గరకు రవికలు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లకు చెప్పడం కోసం!

‘‘ఇందులో చెరువు ఉండాది. అది సాలు నాకు’’ అంటుంది. నిజమే, అనంతపురం ప్రాంతం కథ చెప్పాలంటే చెరువు దగ్గర మొదలుపెట్టక తప్పదు. విజయనగర కాలంలో కట్టిన చెరువుల చుట్టూ పుట్టిన ఊళ్లివి. బుక్కరాయసముద్రం చెరువు తెగకుండా ఆపడానికి ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ ఇక్కడ పసిపిల్లలకూ తెలుసు. చిత్తూరు జిల్లా కట్టమంచికి చెందిన రామలింగారెడ్డి చెన్నపట్నంలో చదువుకునే రోజుల్లోనే ఆ కథను ‘ముసలమ్మ మరణము’ పేరుతో కావ్యంగా రాశారు. తెలుగులో ఆధునిక కవిత్వానికి తొలి అడుగుల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. అంటే ఆ కొత్త కవిత్వం కూడా ఈ జిల్లా చెరువు కట్ట మీద నడిచిందన్నమాట!

అయితే ‘శప్తభూమి’ మీద అక్కకు పేచీలు లేకపోలేదు. పాత్రల పేర్లు ఎక్కువ. మొదటి యాభై పేజీల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తుపెట్టుకోవడానికి ఆమె కొలతల పుస్తకం చివర్న ఓ పట్టిక రాసుకుంది. కొన్నిచోట్ల చరిత్ర పాఠం చెప్పినట్టుగా ఉందంటుంది. అన్నింటికన్నా పెద్ద పేచీ పేరుతోనే. ‘‘శాపం తగిలిన నేల అంటే మనసుకు కష్టమైతాది. నేలకు శాపం ల్యా. నీళ్లకే దావ ల్యా. ఒక్క పదును పడితే సూడండి, ఈ నేలే బంగారం పండుతాది!’’

కొండకెళ్లినోళ్లు... ఇంట్లో ఉన్నోళ్లు

రెండో పుస్తకం ‘కొండపొలం’. రచయిత కడప జిల్లాకు చెందిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి. ఇది కూడా ‘తానా’ బహుమతి నవలే, 2019లో. కరువొచ్చి ఊళ్లో గడ్డిపోచ కూడా దొరకనప్పుడు గొర్రెల మందల్ని నల్లమల అడవిలోకి తోలుకుపోయి, వారాల తరబడి అక్కడే మేపుకుని రావడాన్నే ‘కొండపొలం’ అంటారు. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడొకడు అలా మందతో పాటు అడవికి వెళ్తాడు. పులి, ఆకలి, వాన, చీకటి అన్నీ అతనికి పాఠాలు చెబుతాయి. 2021లో క్రిష్ దర్శకత్వంలో ఇది సినిమాగా కూడా వచ్చింది.

ఈ పుస్తకం ఆ దారిలో అక్క ఒక్కర్తే చదవలేదు. చేతులు మారింది. ముదిగుబ్బ చుట్టుపక్కల గొర్రెలున్న ఇళ్లు చాలా. నవల చదివిన కాపరి కొడుకు ముందు చూసేది గొర్రెల సంగతులే. మంద ఎలా కదిలింది, ఏ ఆకు మేసింది, రాత్రి ఎవరు కాపలా ఉన్నారు అన్నది అతనికి తెలిసిన విద్య. అక్కడ తప్పు దొర్లితే పుస్తకం మూసేస్తాడు. ఈ పుస్తకాన్ని అతను మూయలేదు. పైగా ఇంట్లో నాయనకు చదివి వినిపించాడు. విమర్శకులు ఎన్ని పేజీలు రాసినా దానికి సాటి రాదంటుంది అక్క.

నీళ్ల కొలత సరిపోయింది. మాట కొలతా సరిపోయింది. మూడో దగ్గర మాత్రం ఆమె టేపు ఆగింది. ‘‘మగోళ్లు గొర్రెల్ని తోలుకుని కొండకు పోయినారు సరే. ఇన్ని దినాలు ఇంట్లో ఉండే ఆడమనిషి ఏం తిన్నాది, నీళ్లు యాడ్నించి తెచ్చుకుంది, అప్పులోడు వాకిట్లోకొస్తే ఏం సెప్పింది? అదీ ఒక కొండపొలమే కదా! ఆ నవల ఎవురు రాస్తారు?’’ అడవి కుర్రాడికి ధైర్యం నేర్పడం ఆమెకు నచ్చింది. కానీ ధైర్యం వచ్చిన ప్రతివాడికీ ఉద్యోగం రాదనీ, బెంగళూరులో సెక్యూరిటీ గార్డులుగా నిలబడినవాళ్లలో ధైర్యవంతులకేం తక్కువ లేదనీ చిన్నగా నవ్వుతుంది.

ఆ మూడో కొలతలో పూర్తి మార్కులు కొట్టేసింది చిత్తూరు సీమ నవల. డాక్టర్ కేశవరెడ్డి ‘మునెమ్మ’. మొగుణ్ని పోగొట్టుకున్న పల్లెటూరి ఆడమనిషి, తానే నిజం వెతుక్కుంటూ బయల్దేరే కథ. అక్క దగ్గరున్న కాపీకి అట్ట ఊడిపోతే, పాత లంగా గుడ్డతో కొత్త అట్ట కుట్టింది. ఆమె ఇచ్చిన అవార్డు అదే!

మధురాంతకం నరేంద్ర ‘మనోధర్మపరాగం’ దగ్గరకొచ్చేసరికి కథ వేరు. దేవదాసీ కుటుంబాల్లోని ఆడవాళ్ల జీవితాలనూ వాళ్ల సంగీతాన్నీ చెప్పే ఆ నవలకు 2022లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మొదటిసారి పట్టుకున్నప్పుడు సగంలో వదిలేసింది అక్క. సంగీతం మాటలు అర్థంకాలేదు. వానాకాలం పోయి చలికాలం వచ్చాక మళ్లీ తీసింది. ‘‘అది మిషన్ కుట్టు కాదు, చేతి హెమ్మింగు. కూచోని ఓపిగ్గా సూస్తేనే పనితనం కనపడేది’’ అని తీర్పు చెప్పింది. బసివినీ దేవదాసీనీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే బాధకు రెండు జిల్లాల్లో రెండు పేర్లు పెట్టారని అనిపించిందట.

కత్తుల కథలేనా?

సీమ కథ అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేవి బాంబులు, సుమోలు, తొడగొట్టడాలు. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’, ‘ఆది’... వరసగా వచ్చిన సినిమాలు ఆ బొమ్మను గట్టిగా అచ్చుగుద్దాయి. ఆ సినిమాలకు ఈలలు వేసినవాళ్లలో ముదిగుబ్బ కుర్రాళ్లూ ఉన్నారు. తీరా పై చదువులకు హైదరాబాదు వెళ్తే, ‘ఏం బాసూ, మీ ఊళ్లో ఇంటికో కత్తి ఉంటుందా?’ అన్న ప్రశ్న వాళ్లకే ఎదురైంది.

కక్షలు లేవని అక్క అనదు. వాటివల్ల బొట్టు పోగొట్టుకున్నవాళ్లకు ఆమే తెల్లరవికలు కుట్టింది. కానీ కత్తికంటే ఎక్కువమందిని ఊరు దాటించింది కరువేనన్నది ఆమె వాదన. చరిత్ర కూడా ఆమె పక్షమే. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు అప్పగించాక ‘దత్తమండలాలు’ అన్నారు. 1876-78 కరువులో అల్లాడిపోయిన ప్రాంతాల్లో ఇదొకటి. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అని పేరుపెట్టాకే గౌరవంగా పిలుచుకోవడానికి ఓ పేరు దొరికింది. పేరు దొరికి తొంభై ఏళ్లు దాటింది. కథలే ఇంకా పూర్తిగా దొరకలేదు.

అందుకే ఆమె దగ్గర, రావాల్సిన నవలల జాబితా ఒకటుంది. ఒకదాని వెనక ఒకటి వేసి ఎండిపోయిన బోర్ల మీద. రాత్రి బస్సులో బెంగళూరు పోయి, పండక్కి మాత్రమే ఊరికొచ్చే జంటల మీద. 2006 ఫిబ్రవరి 2న అప్పటి అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు కదా, గడ్డపార పట్టి తొలి కూలి డబ్బు తన చేత్తో అందుకున్న ఆడవాళ్ల మీద. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువలో కొండలెక్కి కృష్ణ నీళ్లు వస్తుంటే, కొబ్బరికాయ కొట్టడానికి పరుగెత్తిన ఊళ్ల మీద. ‘‘రాసే ఉంటారేమో. నా చేతికి ఇంకా రాలేదు’’ అంటుంది.

చేతికి రావడమే కష్టం

అసలు కష్టం ఇదే. నవల రాయడం ఒక ఎత్తు, అది ముదిగుబ్బ దాకా రావడం ఇంకో ఎత్తు. అద్దె పుస్తకాల కొట్లు సెల్‌ఫోన్ కొట్లయిపోయాయి. వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మంచి పుస్తకం కావాలంటే అనంతపురం వెళ్లాలి, లేదంటే కొరియర్లో తెప్పించుకోవాలి. మూడొందల రూపాయల నవలంటే నాలుగైదు రవికల కూలి.

గ్రంథాలయాలు లేవా అంటే, ఉన్నాయి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా మనందరం కడుతున్నాం. రూపాయికి ఎనిమిది పైసలు. ఆ సంగతి చాలామందికి తెలియదు. అక్కకు తెలుసు. ‘‘పన్ను నేనూ కడతాండా. మరి అకాడమీ అవార్డొచ్చిన మన జిల్లా పుస్తకం మండలానికి ఒగ కాపీ అయినా రావద్దా?’’ అని అడుగుతుంది. ఈ ప్రశ్న ముదిగుబ్బ ఒక్కదానిదే కాదు. ఏ మండల కేంద్రంలో పాఠకుడైనా అడగదగ్గదే.

అందుకని ఈ దారి పాఠకులు తమ ఏర్పాటేదో తాము చేసుకున్నారు. ఒకరు కొంటే పదిమంది చదువుతారు. పుస్తకం బస్సులో కదిరి వెళ్తుంది. అక్కడ్నుంచి ధర్మవరం మగ్గం ఇంటికి. తిరిగొచ్చేసరికి సుద్దపొడి, టీ మరకలు, పట్టుపోగులు, పెన్సిల్ గీతలు... ఎవరు ఎక్కడ ఆగారో ఆ పేజీలే చెబుతాయి. కొత్త పుస్తకం కన్నా అలా తిరిగొచ్చిన పుస్తకమే అక్కకు ఎక్కువ ఇష్టం.

కొడుకు బెంగళూరులో ఉద్యోగం. పండక్కొచ్చినప్పుడు అమ్మకు ‘రామ్@శృతి.కామ్’ తెచ్చిచ్చాడు. అద్దంకి అనంతరామ్ రాసిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల ప్రేమకథ. పుస్తకాలే ముట్టని కుర్రకారు కూడా దాన్ని కొని చదివారు. అక్క దాన్ని రెండు మధ్యాహ్నాల్లో అవగొట్టింది. నీళ్ల కొలత పెట్టలేదు. ‘‘సిటీ నవలల్లో వాన అంటే ట్రాఫిక్ జామే. పోనీలే, నా కొడుకు తెలుగు అచ్చరాలు మర్సిపోకుండా సేసింది, అది సాలు’’ అంది. ఫోన్లో ‘దాసుభాషితం’ ఆడియో పుస్తకాల యాప్ కూడా కొడుకు పెట్టిచ్చిందే. కాకపోతే మిషన్ తొక్కుతుంటే వినపడదు. కాజాలు కుట్టేటప్పుడు, గుండీలు వేసేటప్పుడు మాత్రం కథ వింటుంది.

భయం మనవరాలి గురించే. ఆ పాపకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. ఈ నేల గురించి రాయడం మొదలయ్యే నాటికి, ఈ నేల పిల్లలు చదవడం మానేస్తే? అక్క దగ్గర దీనికి జవాబు లేదు. ఉన్నదల్లా ఓ అలవాటు. సెలవులకు పాప వస్తే, రాత్రి మిద్దె మీద పడుకోబెట్టుకుని చదివిన నవలనే కథగా చెబుతుంది. వారం రోజులకు ఒక నవల!

చదవనివాళ్ల నవల

అలా చూస్తే ఇది ఈ దారికి కొత్తకాదు. కదిరి అవతల గాండ్లపెంట మండలం కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. ముదిగుబ్బ మండలంలోని జలాశయానికీ యోగి వేమన పేరే పెట్టారు. సి.పి.బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చువేయించడానికి ముందు ఎన్నో తరాలపాటు వాటిని కాపాడింది అక్షరం కంటే ఎక్కువగా జనం నోరే. తర్వాత 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అనంతపురంలో వేమన మీద ఉపన్యాసాలిచ్చేదాకా పండితుల్లో చాలామంది ఆయన్ని కవిగానే లెక్కపెట్టలేదు. పండితులు లెక్కపెట్టకపోయినా, పశువులు కాసే పిల్లాడు పాడుకున్నాడు. పుస్తకం లేని చోట మనిషే పుస్తకమైన నేల ఇది.

అక్క అరుగు మీద ఇప్పుడు జరుగుతున్నదీ అదే. రవిక కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు కథ వినడానికి కూర్చుండిపోతారు. వాళ్లలో చదువు వచ్చినవాళ్లు సగమే. ‘శప్తభూమి’ చెబుతున్న రోజుల్లో ఓ ముసలవ్వ రోజూ వచ్చేది. పాలెగాళ్ల గొడవలు వచ్చినప్పుడు కునుకు తీసేది. చెరువు మాట రాగానే లేచి కూర్చునేది. మొత్తం కథ అయిపోయాక ఎవరు గెలిచారని అడగలేదు, ఎవరు పోయారని అడగలేదు. ఒక్కటే అడిగింది.

‘‘అమ్మీ, ఆ చెరువులో ఇప్పుడు నీళ్లుండాయా?’’

రచయితకు ఇంతకన్నా పెద్ద ప్రశంస ఏ సభలో దొరుకుతుంది? రెండొందల ఏళ్లకు పైగా పాతదైన కథను ఆ అవ్వ నమ్మింది. తన ఊరిదిగా నమ్మింది. నవలకు కావాల్సింది అదే.

ఈ వారం అక్క చేతికి ఇంకో కొత్త నవల వచ్చింది. పట్నం పుస్తకం. అట్ట నున్నగా మెరుస్తోంది. వాకిట్లో ఎండ చుర్రుమంటోంది, మబ్బు జాడ లేదు. అక్క మిషన్ ఆపి, కళ్లజోడు సర్దుకుని, పేజీలు చకచకా తిప్పుతోంది. వాన కోసం వెతుకుతోంది. అరవై పేజీలు దాటాయి. ఇంకా పడలేదు.

సుద్దముక్క అక్కడ పెట్టి, ఓసారి మోరెత్తి పైకి చూసి, మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. వాన కోసం ఆగడం ఇక్కడ ఎవరికీ కొత్తకాదు మరి!

ఈ దారిలో వెళ్తే... ఏ పుస్తకం?

* ముదిగుబ్బ అనంతపురం-కదిరి జాతీయ రహదారి మీద ఉంది. ధర్మవరం-పాకాల రైలు మార్గంలో స్టేషన్ కూడా ఉంది. దిగగానే బొరుగుల ఉగ్గాని తినడం మరవొద్దు. చేతిలో సింగమనేని నారాయణ కథలు ఉంటే చుట్టూ ఉన్న చేలు ఇంకాస్త బాగా అర్థమవుతాయి.

* అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం చెరువు. ముసలమ్మ కథ పుట్టిన కట్ట. ‘శప్తభూమి’ చదివి ఆ కట్ట మీద ఓ సాయంత్రం నడవాలి.

* ధర్మవరం పట్టుచీరల ఊరు. ‘హంపీ నుంచి హరప్పా దాకా’ అనే ఆత్మకథ రాసిన తిరుమల రామచంద్ర పుట్టింది ఈ తాలూకాలోని రాఘవంపల్లిలోనే. ఆ పుస్తకానికి 2001లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

* కదిరిలో లక్ష్మీనరసింహస్వామి గుడి, ఆ పైన తిమ్మమ్మ మర్రిమాను, కటారుపల్లిలో వేమన సమాధి. ఇక్కడికి మాత్రం పుస్తకం అక్కర్లేదు. ఏ పెద్దాయన్ని కదిపినా నాలుగు పద్యాలు చెబుతాడు.